కిలో లెక్కన

ముప్పై ఒక్క ఏళ్లు చీజ్ కోసి, తూచి అమ్మినదాన్ని.
ఏ వస్తువునైనా ముందు నా చెయ్యి చూస్తుంది,
ఆ తర్వాతే కన్ను.

జెనోవా రేవు ఎగువన షోరూములో
ఆ రెండు సీట్ల కరెంటు బండి ముందు నిలబడి
ఒరెస్తే అనే కుర్రాణ్ణి అడిగాను:
ఎంత బరువు?
అతను బ్యాటరీ గురించి మొదలెట్టాడు.
బరువయ్యా, బరువు.
కాగితాలు తిరగేశాడు. నాలుగు వందల ఎనభై కిలోలు.
ధర తొమ్మిది వేల ఆరు వందల యూరోలు.

కిలో ఇరవై!
మా కొట్లో రెండేళ్లు మాగిన పర్మిజానో
ఇంతకంటే ప్రియం.
దాన్ని తినేశాక తొక్క మిగులుతుంది, అంతే.
సంతకం పెట్టేశాను.

మా తమ్ముడు గస్పారె చుట్టూ ఒకసారి తిరిగాడు.
తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు.
"ఈ డబ్బుకి పాత డీజిల్ కారొచ్చేది, అయిదు తలుపులది.
ఇది నలభై అయిదు దాటదు, హైవే ఎక్కనివ్వరు,
కిటికీ సగమే తెరుచుకుంటుంది,
డెబ్బై కిలోమీటర్లన్నది చలికాలానికి యాభై.
అక్కా, నువ్వు కొన్నది కారు కాదు,
తలుపులున్న గొడుగు."

వాడన్నదంతా నిజమే.
కోపమొచ్చింది కూడా అందుకే.

కానీ వాడి డీజిల్ కారు మా సందులో దూరదు.
మా సందులో ఇద్దరు లావుపాటి పాదరీలు ఎదురుపడితే
ఒకాయన దీవించి వెనక్కి తగ్గాల్సిందే.
నా గొడుగు మాత్రం గోడల్ని తాకకుండా దూరిపోయి
రాత్రంతా కొట్లో, ఫ్రిజ్ పక్క సాకెట్లో
నోరు పెట్టుకుని పడుకుంటుంది.

పిట్ట కొంచెమే. కూతే లేదు.
వెనక వస్తున్నా ఎవరూ జరగరు.
సగం కిటికీలోంచి మొహం పెట్టి
బజారు గొంతుతో నేనే కూయాలి.

లెక్క వేయకుండా ఉండలేను కదా.
చీజ్ చుట్టే కాగితం మీద వేశాను:
బస్సు పాసుతో పోలిస్తే
పదహారేళ్లకి గాని గిట్టదు.
ఇప్పుడు నాకు అరవై ఎనిమిది.
ఆ కాగితంలోనే ఎవరికో పావుకిలో గోర్గొంజోలా చుట్టి ఇచ్చేశాను.

నవంబరులో బస్సుల సమ్మె.
అడ్డంగా కొడుతున్న వాన. కొట్టు మూస్తుంటే
గుమ్మంలో యదీరా, గుయాకిల్ పిల్ల,
ఒరెజీనా కొండ మీద ఒక ముసలాయనకి
రాత్రుళ్లు మందులిచ్చి, పక్క మార్చే పని.
తొమ్మిదింటికి అక్కడుండాలి.
పొడుగు మనిషి. మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చుంది.
ఒళ్లో ఆమె టిఫిన్ డబ్బా, దాని మీద నా హ్యాండ్‌బ్యాగు.
మలుపు మలుపుకీ ఒక గీత చొప్పున ఛార్జి దిగిపోతోంది.
అద్దం మీద మా ఇద్దరి ఊపిరీ ఆవిరై అతుక్కుంటే
ఆమె చేతిరుమాలుతో నా వైపే తుడుస్తోంది.

దిగుతూ అడిగింది: పెట్రోలుకి ఎంతివ్వను?
పెట్రోలెక్కడిదమ్మా ఇందులో!
ఇద్దరం నవ్వాం.
ఆమె తలుపు మూయడం మరిచిపోయి పరిగెత్తింది.

వంగి తలుపు లాక్కుని
చీకట్లో కొండ దిగుతుంటే
ఖాళీ సీటు పక్కన, అడక్కుండానే,
ఒక గీత తిరిగొచ్చింది.
బండి గుణం అది, వాలులో కాస్త కూడబెట్టుకుంటుందట.
ఒరెస్తే చెప్పే ఉంటాడు,
నేనే బరువు అడుగుతూ వినలేదు.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు పక్క సీటు యదీరాది.
శనివారం అరటికాయ వేపుడు తెస్తుంది.
దాన్ని ఏ పద్దులో రాయాలో తెలీక రాయడం మానేశాను.

గిట్టిందా, అక్కా? అంటాడు గస్పారె, కనిపించినప్పుడల్లా.
నిన్న మాత్రం అడగలేదు.
కుడి కంటికి ఆపరేషన్, తెల్లటి కట్టు,
ఆస్పత్రి మెట్ల కింద టాక్సీ కోసం చూస్తున్నాడు,
ఉన్న ఒక్క కన్నూ నా బండి మీద పడనివ్వకుండా.

ఎక్కు, అన్నాను.
కాళ్లు లోపలికి మడుచుకో.
ఆ గొడుగు తలుపు కాస్త గట్టిగా లాగు.