గుండీల డబ్బా

బడులు తెరిచే వారం.
మాస్టారు అరవై తెల్లచొక్కాలు సంచిలో కుక్కి పంపాడు.
చొక్కాకి ఏడు కాజాలు, ఏడు గుండీలు.
లెక్క మీరే వేసుకోండి, నాకు భయం.

తెల్లారేసరికి వేళ్ళు బజ్జీల్లా పొంగాయి,
పిడికిలి పడదు.
చిట్టినగర్ కొండమీద మా గదికి నూట పన్నెండు మెట్లు.
పక్కింటి రజియా బిందెతో రెండుసార్లు ఎక్కి దిగింది,
నేనింకా మంచం పట్టెని వదల్లేదు.

నవ్వొచ్చేదేంటంటే
నొప్పి తగ్గించే మాత్ర రేకులోంచి ఊడాలంటే
నొప్పిలేని బొటనవేలు కావాలి.
పళ్ళతో చింపాను.
అది ఎగిరి మంచం కిందికి పోయింది.
చీపురుతో లాగి, కొంగుకి తుడిచి మింగాను.
డాక్టరమ్మకి చెప్పలేదు.

గవర్నరుపేటలో ఆవిడే చెప్పింది:
"సైదాబీ, ఈ తెల్లమాత్ర కాల్‌మనీ లాంటిది.
అడగ్గానే చేతిలో పెడుతుంది.
వడ్డీ ఎముకలు కడతాయి.
అందుకే నాలుగు వారాలే.
రెండు, ఒకటిన్నర, ఒకటి, అర.
తగ్గింది కదా అని మధ్యలో దూకెయ్యకు."

దూకనమ్మా.
కొండ దిగడం నాకు తెలుసు.
వానకి పాచిపట్టిన మెట్లు
పక్కకి తిరిగి, గోడ పట్టుకుని
ఒక్కొక్కటే.

అసలు మందు వేరే ఉంది,
వారానికొక్కసారి, ఆదివారం రాత్రి.
రోజూ వేసుకుంటే మనిషినే తీసుకుపోతుందట.
కాలెండర్లో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి,
చదువురాని దానికి అంతకంటే ఏం కావాలి.
సోమవారం తాలింపు వాసనకే కడుపులో తిప్పుతుంది.
పని చెయ్యడానికి రెండు నెలలు పడుతుందట,
మాస్టారు డబ్బులిచ్చే లెక్కన చూస్తే తొందరే.

మూడోరోజు సాయంత్రం
సూదిలోకి దారం దానంతటదే దూరింది.
పదకొండు చొక్కాలు పూర్తయ్యాయి.
చెయ్యి మాట వింటున్న ఆ పూటే
కత్తెరతో రేకులు కోసి
తెల్లమాత్రలన్నీ గుండీల డబ్బాలో పోసుకున్నాను.
అడుగున ఏమన్నా మిగిలాయేమో చూసుకోలేదు.

తెల్లవారుజామున కరెంటు పోయింది.
టిఫినుకని తెచ్చుకున్న బన్ను సగం తిని
చీకట్లో డబ్బాలో చెయ్యి పెట్టాను.
వేలికి నాలుగు బెజ్జాలు తగిలాయి.

ఇరవై రెండేళ్ళు కాజాలు కుట్టిన వేలు.
వాచింది గానీ మర్చిపోలేదు.

గుండీని దిండు పక్కన పెట్టి
బెజ్జాల్లేని దానికోసం
మళ్ళీ తడిమాను.