ఏడో వెర్షన్

సిరొంచల కరెంటు పోయి వచ్చింది.
రిజిస్ట్రీ లసుమయ్య కబురును మళ్ల తిప్పికొట్టింది:
'ఎత్తు' గడిల అంకే ఉండాలె.
ఆయన రాసింది
"ప్రాణహిత మూడో మెట్టు మింగింది" అని.
కొలబద్ద నిరుడే కొట్టుకపోయె,
కొత్తదానికి అర్జీ గడ్చిరోలిల, మరాఠీల.

ప్రతి కబురు నెత్తిన ఒక సున్నా, నాలుగు బైట్ల నంబరు;
అర్థం ఎక్కన్నో నాగపూర్ల.
నేను గూడ అంతే,
బడిల ఒక నంబరు, ఇంట్ల ఒకటి.

ఒంటిగంట రాత్రి కొత్త గడి కలిపిన: 'మాట'.
ఖాళీగున్నా తప్పులేదు,
పాత క్లయింట్లకు దెబ్బ తగలదు.
ఏడో వెర్షన్. ఒప్పుకుంది.

తెల్లారి లసుమయ్య పంపిండు.
ఎత్తు: మూడు.
మాట: "మెట్లు బిడ్డా, మీటర్లు కాదు."

పాత క్లయింట్లు మూడే చదువుకున్నయి.
కింది ఊళ్లు మ్యాపు మీద
ఇంకా పచ్చగనే.