పాచిపని

నలభై మూడు డిగ్రీలు.
కోయకముందే ద్రాక్ష తీగ మీదే కిస్‌మిస్ అయ్యే ఎండ.
అపింగ్టన్‌లో జనవరి అంటే
పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన మూకుడు.

మేడమ్ మారే పెరట్లో ఈతకొలను
తెల్లారగానే ఆవలిస్తుంది.
ముందు దాని నోరు చూస్తాను:
మెట్ల సందులు, నిచ్చెన వెనక,
నీళ్ళు బద్ధకంగా ఒత్తిగిలే ఆ ఉత్తరపు మూల.
వేలితో రాస్తాను.
జారిందా,
రాత్రి ఎవరో వచ్చి కూర్చున్నారన్నమాట.

పచ్చగా కనిపించాక తోమడం కాదు పని,
కనిపించకముందే తోమడం.
పళ్ళకైనా అంతే, గోడకైనా అంతే.

కొలను చూసే కోబస్ చెప్పాపెట్టకుండా మానేశాక
బ్రష్షు నా చేతికొచ్చింది.
అతని జీతం రాలేదు.
మొదట్లో మిట్టమధ్యాహ్నం పోసేదాన్ని క్లోరిన్,
సాయంత్రానికల్లా సూర్యుడు తాగి మూతి తుడుచుకునేవాడు.
ఇప్పుడు పొద్దుగూకాకే పోస్తాను,
తాగుబోతు మొగుడు నిద్రపోయాక
డబ్బులు బియ్యంలో దాచినట్టు.

గాజు గొట్టంలో ఐదు చుక్కలు.
పసుపు తేలితే బతికాం,
తేలకపోతే నీళ్ళు ఆకలి మీదున్నాయి.
పక్క గొట్టంలో గులాబీ మరీ ముదిరిందా,
ఎన్ని మగ్గులు పోసినా
చెవిటివాడి ముందు శంఖమే.

గడ్డికి చల్లే ఎరువు ఇటు పడనీకు,
పాచికి అది పాయసం
అని తోటమాలి తెబోహోకి చెప్పాను.
నవ్వాడు.
మర్నాడూ విసిరాడు.

మా అమ్మ ఈ ఇంట్లోనే
పందొమ్మిదేళ్ళు తువ్వాళ్ళు ఉతికింది.
ఈ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో
తువ్వాలు పిండి తెలుసుకుంది.
అంతకంటే దగ్గరగా ఎవరూ రానివ్వలేదు.

బుధవారం ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
రెండు గంటల కోత మాకు మామూలే,
ఇది అలాంటిది కాదు.
ఈ ఎండకి మోటారు రోజూ పది గంటలు తిరగాలి,
ఒక్క గంటైనా తిరగలేదు.
ఇసుకగాలి ఒకటి, గోరుచుట్టు మీద రోకటిపోటు.
గురువారం సాయంత్రానికి
నీళ్ళకి చూపు మందగించింది,
అడుగున పలకల గీతలు కనబడ్డం మానేశాయి.
ఇంకొక్క రాత్రి నిలవుంటే
పొద్దున్నకి బచ్చలికూర పులుసే.

నీళ్ళు కదలాలి, ఎవరో ఒకరు కదిలించాలి.
చెప్పులు విప్పాను.
ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించాను.
ఒక మెట్టు. రెండో మెట్టు.
నాకు ఈత రాదు,
గట్టు పట్టుకుని, లోతు తక్కువ వైపు
గానుగెద్దులా తిరిగాను,
గౌను చుట్టూ గొడుగులా తేలుతూ,
పొడుగు బ్రష్షుతో లోతు వైపు గోడ గీకుతూ.

పైన గోరువెచ్చన.
కాళ్ళ దగ్గర మాత్రం ఇంకా చలి.
ఈ తేడా తువ్వాలుకి తెలియదమ్మా.

ఎన్ని చుట్లో లెక్కపెట్టలేదు.
వంటింటి కిటికీలో కొవ్వొత్తి వచ్చి నిలబడింది.
దాని వెనక మేడమ్ మొహం.
చాలాసేపు.
నేను ఆగలేదు,
ఆగితే నీళ్ళూ ఆగుతాయి.

"డోర్కస్, రేపు కూడా కరెంటు రాదట"
అంది చివరికి.
కొవ్వొత్తి లోపలికెళ్ళిపోయింది.

బయటికొచ్చి, కొలిచి పోశాను రెండు మగ్గులు
గట్టు చుట్టూ నడుస్తూ.
నా తడి అడుగులు
నేను రెండో చుట్టు వచ్చేలోపే ఆరిపోయాయి.

శుక్రవారం పొద్దున
గొట్టంలో పసుపు, పిల్లి కన్నంత.
మెట్ల సందులో వేలు పెట్టి రాశాను.
జారలేదు.

తెబోహో ఎరువు బకెట్టుతో వస్తున్నాడు.