చిమ్నీ మెడ దగ్గర

మూడో చలికాలం కూడా వాన మా మంచం మీదికే వచ్చింది.
జామ్ కాచే ఇత్తడి గిన్నె దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాం.
టక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్.
ఏడేళ్ల నెస్టా లెక్కపెట్టి పొద్దున్నే చెప్పేది,
నూట పన్నెండు, మొన్నటికన్నా తక్కువే అని.

కొండను పలకలుగా చీల్చి
లోకానికంతా కప్పులు పంపిన ఊరు మా బ్లైనై.
ఇక్కడ ఇల్లు కారుతోందని చెప్పుకోవడం
కుమ్మరివాడలో ఓటికుండ మోసుకు తిరిగినట్టు.
మొదట వచ్చినవాడు పలకలు మార్చాడు.
రెండోవాడు తారు పూసి డబ్బు లెక్కపెట్టుకున్నాడు.
ఆ తారు ఎండకి పగిలింది.
అవును, వేల్స్‌లో కూడా ఎండ వస్తుంది,
జూన్‌లో, ఒక మంగళవారం.

మూడో మనిషి మారెద్. అరవై దాటింది, మోకాళ్లకి తోలు పట్టీలు.
నిచ్చెన కన్నా ముందు అటక ఎక్కింది.
టార్చి వేసి మరకను వదిలేసి, మరక వచ్చిన దారి పట్టుకుంది.
వాసం వెంబడి వేలు రాసుకుంటూ పైకి, ఇంకా పైకి,
మంచానికి ఆరడుగుల అవతల ఆగింది.
"చుక్క పడేచోట చిల్లు ఉండదు.
లోపలికొచ్చాక నీళ్లు కాస్త తిరిగి చూస్తాయి,
కొత్తగా అద్దెకు దిగినవాళ్లలాగా."

నీరు పల్లమెరుగు అంటారు.
మా కొండ గాలికి ఆ సామెత ఎవరూ చెప్పలేదు,
వానను పలకల కిందుగా మీదికి తోస్తుంది.

నేను కింద నిచ్చెన పట్టుకున్నాను.
పైనుంచి ఆమె మాటలు సగం గాలికి, సగం నాకు.
కర్ర మీద కూర్చున్న కప్పు ఏటేటా కొంచెం కుంగుతుంది.
చిమ్నీ మాత్రం తన ఇటుకల మీద తాను నిలబడుతుంది.
ఒకే ఇల్లు, కానీ రెండూ కలిసి కదలవు.
ఆ మెడ సందుకి చుట్టిన సీసపు కండువా, ఫ్లాషింగ్.
మెట్లు మెట్లుగా కోసిన రేకులు,
ఒక అంచు ఇటుకల మధ్య గారలో, రెండోది పలకల మీద,
పై రేకు ఎప్పుడూ కింది రేకు మీదికి.
"ఇదిగో, ఎవరో రెండు వైపులా మేకులు కొట్టి చంపారు!
సీసం ఎండకి సాగాలి, చలికి ముడుచుకోవాలి.
ఒక చేయి పట్టుకో, ఒకటి వదిలెయ్. అంతే కిటుకు."

పాత రేకు ఊడదీసి తిరగేసింది. మాట ఆగింది.
తర్వాత కిందికి దిగి నా చేతిలో పెట్టింది, పసిపిల్లంత బరువు.
అడుగున ఎవరో పనివాడి బూటు చుట్టూ గీసిన గీత,
గీత లోపల: హోరెబ్ చాపెల్, 1887.

హోరెబ్ కప్పు మీది సీసం దొంగలెత్తుకెళ్లిన శీతాకాలం
మా ఇంట్లో పెద్ద కథ.
చాపెల్ డీకన్ మా తాతయ్య ఇద్వల్
ఆ దొంగల మనసు మారాలని
తడిసిన బల్లల మధ్య నలభై నిమిషాలు ప్రార్థన చేశాడట.
ఈ చిమ్నీ బాగుచేసింది కూడా ఆయనే.
ఆ మేకులూ ఆయనవే.

మారెద్ చాపెల్ మనిషే. దగ్గింది.
"పాత సీసానికి మంచి ధర ఉంది," అంది.
హోరెబ్ ఇప్పుడు తివాచీల దుకాణం,
తిరిగి ఇద్దామంటే ఎవరికివ్వాలి?
బూటు ఉన్న ముక్క కోయించి ఉంచుకున్నాను.
మిగిలిన అంచుల్ని ఆమె చిన్న చీలికలుగా మడిచి
గారలో అంగుళం లోతున, కొత్త రేకు కదలకుండా,
కాదు, కదలడానికి కొంచెం చోటిచ్చి, గూటంతో దిగగొట్టింది.
మీద నూనె గుడ్డతో తుడిచింది, తెల్ల చారలు కారకుండా.

వెళ్తూ వెళ్తూ వ్యాన్ అద్దం దించింది.
"వాసం తాగిన పాత నీళ్లు ఇంకో వారం కక్కుతుంది.
కంగారుపడి ఫోన్ చెయ్యొద్దు."

ఆ రాత్రి కొండ మీదినుంచి మామూలు వానే.
గిన్నె తియ్యలేదు.
తాతయ్య ఫోటో గోడకి నిటారుగా ఉంది, చేతిలో బైబిలు,
గడ్డం కింద నవ్వో, జలుబో.
పొద్దున్నే నెస్టా దుప్పట్లోంచి తల బయటపెట్టింది.
నాలుగు, అంది.