తలుపు లేని రాత్రి

వానాకాలమంతా ఉబ్బిపోయి
భుజంతో నెడితే గాని తెరుచుకోని తలుపు
కార్తీకం ఎండకి కాస్త దారికొచ్చింది.
"ఇదే అదును టీచరమ్మా" అన్నాడు గౌరాంగ సాహు,
గుణుపురం బజారులో
ఒడియాలో బేరమాడి తెలుగులో చిల్లరిచ్చే రంగుల కొట్టు మనిషి.

పెయింటరు మాఘం దాకా ఖాళీ లేదన్నాడు.
ముప్పై ఏళ్ళు నల్లబల్ల తుడిచిన చేతులు,
ఒక్క చెక్క తోమలేవా?

బందులు విప్పడానికి ఇద్దరు కుర్రాళ్ళు పట్టారు.
వేగిస చెక్క. మోస్తే తెలుస్తుంది.
అరుగు మీద రెండు బల్లలు కలిపి
ఆపరేషన్‌కి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాం.

గీకుతుంటే ఒక్కొక్కటే లేచాయి.
పైన ఆకుపచ్చ, మా ఆయన చేతిది,
బ్రష్షు వెంట్రుకలు రెండు ఇంకా అందులోనే ఉన్నాయి.
దాని కింద నీలం, ఇల్లు మాకమ్మిన గంటావారిది.
దాని కింద కాఫీపొడి రంగు, ఎవరిదో.
ఆ కింద ఒట్టి చెక్క, ముదురు తేనెలా,
దాని మీద కత్తిమొన గాట్లు:
ముప్పై ఒక వరస, ముప్పై ఒక వరస,
మూడో వరస పంతొమ్మిది దగ్గర ఆగింది.

పాల లెక్క కాబోలు.
ఇరవయ్యో పొద్దున
ఆవు వట్టిపోయిందో,
లెక్క పెట్టే మనిషే లేకపోయిందో.
కాసేపు వేలితో తడిమి
లప్పం మెత్తి పూడ్చేశాను.
తలుపన్నాక నునుపుగా ఉండాలి కదా.

ఎనభై నంబరు గరుకు కాగితం, తర్వాత నూట ఇరవై,
ఆఖర్న రెండు వందల ఇరవై, పిల్లి నాలుకంత.
నార పోయే దారినే చెయ్యీ పోవాలి.
అడ్డంగా రుద్దితే
ఎన్ని పూతలేసినా గీత దాగదు.
ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర
నాకిది చాలా ఆలస్యంగా తెలిసింది.

తెలుగు బడి మూసేసిన ఏడు నా క్లాసులో ఏడుగురు.
గుండె పాఠం సగంలో ఉంది.
కవాటాలు రక్తాన్ని వెనక్కి రానివ్వవు, అని బోర్డు మీద రాస్తే
కలిశెట్టి మోహిని లేచి,
"మా వీధిలో తలుపునే కొబాటొ అంటారండి,
మరి లోపల ఎవులు తడతారు?"
అప్పుడే బెల్లు కొట్టారు. బతికిపోయాను.

తొలిపూత తెల్లగా వేశాను.
తెల్లారేసరికి గాట్లున్న చోటల్లా ఎర్రమట్టి మరకలు.
"వేగిస నెత్తురు ఊరుతాదమ్మా" అన్నాడు సాహు,
"లక్క పుయ్యి, ఊరుకుంటాది.
అడుగంచు మర్చిపోకు.
దాన్ని మనుషులు చూడరు, వాన చూస్తాది."
లక్క స్పిరిట్లో కరుగుతుంటే
వీధంతా గాజుల కొట్టు వాసన.

ఆఖరి పూత సాయంత్రానికి అయింది. వంకాయ రంగు.
పొద్దుటి దాకా ముట్టకూడదు.

అంటే ఈ రాత్రికి ఇంటికి తలుపు లేదు.
గుమ్మానికి అడ్డంగా నులకమంచం వాల్చాను.
వంశధార మీంచి చలి సరాసరి వంటింట్లోకి పోయింది.
ఒక కుక్క తొంగి చూసి, దొంగిలించేదేమీ లేదనుకుని, వెళ్ళిపోయింది.

ఎనిమిదిన్నరకి ఎదురింటి సబిత్రి పండా,
కుళాయి గొడవ తర్వాత పదకొండేళ్ళుగా
బిందెల చప్పుడుతోనే నాతో మాట్లాడిన మనిషి,
మంచంకోడు దాటి లోపలికొచ్చింది.
"తట్టడానికి ఏటీ లేదు కదా" అంది, తన తెలుగులో.
చేతిలో గిన్నె, గిన్నెలో పసుపాకుల్లో ఉడికిన పిఠా.
వాళ్ళకి మార్గశిరం వచ్చేసిందట.
మాకింకా కార్తీకమే.
వీధి వెడల్పు పన్నెండడుగులు.

వెళ్తూ తలుపు మీద టార్చి వేసింది.
"బైగొణొ రంగా!" అని ఒకటే నవ్వు.
ఆరిందో లేదోనని వేలు పెట్టి చూసింది.

పొద్దున చూస్తే గొళ్ళెం పక్కన
సన్నటి సుళ్ళతో సహా ఆ వేలు.
రెండు వందల ఇరవై నంబరు కాగితం సగం మిగిలే ఉంది.
మడిచి లక్క సీసా కింద పెట్టాను.

కుర్రాళ్ళొచ్చి తలుపు ఎక్కించారు.
భుజం అక్కర్లేదిప్పుడు, రెండు వేళ్ళు చాలు.
గిన్నె మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.
ఒట్టి గిన్నె తిరిగివ్వకూడదు.
ఏం వండాలో తోచడం లేదు.