ఎడమకి వంగిన చాలు

నీళ్లు తీశాక గంటా నలభై నిమిషాలే టైమని
బెరిల్ రెండుసార్లు చెప్పింది.
మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు,
జేబులో పోటుపాట్ల పట్టిక.
ఎసెక్స్ అంచున, బ్లాక్‌వాటర్ ఏటి నోట్లో
ఎటు చూసినా బురద.

పొద్దు వాలాక గానీ కనపడవు:
మిట్టా పల్లం, మిట్టా పల్లం,
చౌడు మీద దువ్వెన గీతలు.
చివరికొచ్చేసరికి అన్నీ ఎడమకి వంగుతాయి.
"ఎనిమిదెడ్లు" అంది బెరిల్.
అంత పొడుగు జట్టు ఉన్నచోట తిరగదు,
గట్టు ఇంకా ఇరవై బారలుండగానే
మలుపు మొదలవ్వాలి.
ఏడువందల ఏళ్ల కింద
ఒక అదిలింపుకి ఎద్దులు తిప్పిన మెడ
ఇంకా అలాగే ఉంది, బురదలో.

కరకట్టలో ఒక్కో కాపుకి ఒక్కో వంతు.
దస్త్రంలో ఉన్నది ఇంతే:
అవీస్, మొగుడు పోయినది,
తన ఏడు బారల కట్ట పూడ్చనందుకు
మూడు పెన్నీల జరిమానా.
మరుసటేడు అదే పేరు, ఆరు పెన్నీలు.
ఆపై పేరు లేదు.
జరిమానా వేయడానికి చేనూ లేదు.

గండి ఆమె వంతులోనే పడిందని
ఎవరూ రాయలేదు.
నేనే అనుకున్నాను.
అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.
ఊరంతటి కట్ట తెగితే
పార పట్టే మనిషి లేని ఇంటి మీదికే
నా వేలు కూడా ఎందుకు పోయింది?

గొర్రెలు మేస్తున్నాయి, బార్లీ పండిన చోట
ఉప్పుటాకుల్ని కొరుకుతూ.
బెరిల్ ఒక రెమ్మ తుంచిచ్చింది.
పుల్లగా, కన్నీటి కంటే కాస్త ఎక్కువ ఉప్పగా.
బదులుగా ఓ మాట ఇచ్చాను:
నాగలి గీసిన గీతా చాలే,
ఇక వద్దనడమూ చాలే, మా భాషలో.
"అదెలా కుదురుతుంది?" అంది.
దున్నేవాణ్ణి అడగాలి అన్నాను.

పోటు ఎదురుగా వస్తుందని చూస్తున్నాం.
అది పక్కనించి వచ్చింది,
చప్పుడు లేకుండా, చాలు పట్టుకుని,
నురగ మూతితో వాసన చూసుకుంటూ,
వంపు దగ్గర తడబడకుండా
ఎడమకి తిరిగింది.

నా కుడి బూటు ఊడి రావడం లేదు.
బెరిల్ పట్టిక చూడలేదు,
నీళ్లకేసి చూసి
కొత్తగా నేర్చిన మాటే అంది.
రెండర్థాల్లో ఏదో
నేను అడగలేదు.