మూడు షిఫ్టుల జాడీ

పొద్దున్న ఐదున్నరకి బేకరీ నుంచి వస్తాను,
జుట్టులో పిండి, ముంజేతుల మీద పొయ్యి సెగ.
జూలైలో తార్తులో చీకటి సరిగ్గా పడదు.
వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోతుంది,
చెప్పులు విడవకుండా గుమ్మంలోనే మాట్లాడే పక్కింటామెలా.

సంచిలో కిలో దోసకాయలు, నిన్న సాయంత్రం కొన్నవి.
సరస్సు వైపు నుంచి వచ్చే అవ్దోత్యా
బస్టాండు ముందు బకెట్లో పెట్టుకుని అమ్ముతుంది.
వేలంత కాయలు, ఒళ్ళంతా మొటిమలు.
గోరు గుచ్చితే నీళ్ళు చిమ్మాలి,
లేకపోతే కొనను. ఆమెకీ తెలుసు.

చివర్లు రెండూ కోస్తాను.
వెల్లుల్లి నాలుగు రెబ్బలు, కత్తి పక్కకి తిప్పి ఒక్క దెబ్బ.
పూతకొచ్చిన సోయకూర, ఆ పసుపు గొడుగులతో సహా.
చెర్రీ ఆకులు రెండు, కింద కార్లు నిలిపే చోట చెట్టువి
(ఎవరి చెట్టని అడగకండి).
లీటరు చన్నీళ్ళకి రెండు చెంచాల ఉప్పు, చిటికెడు పంచదార.

నీళ్ళు కాచను. మా అమ్మ కాచేది.
ఆగస్టు నెలంతా వంటింట్లో ఆవిరి,
యాభై సీసాలు, మూతలు బిగించే ఇనప మర,
చలికాలం మీదికి దండెత్తుతున్నట్టు.
ఒక్క రాత్రికి ఊరేదాన్ని ఊరగాయ అనకూడదనేది,
అది ఇంకా పసిగుడ్డు అనేది.

నాకు పసిగుడ్డే చాలు.
ఫ్రిజ్ మధ్య అరలో పెడతాను.
మూత మీద తెల్ల టేపు, దాని మీద పెన్నుతో:
రేపటిదాకా ముట్టుకోవద్దు.
కర్టెన్లు లాగి పడుకుంటాను.

ఏడింటికి ఓస్తప్ లేస్తాడు.
చిన్న గది అతనికి అద్దెకిచ్చాను. ఖేర్సన్ వాడు, గోడలకి ప్లాస్టరు పని.
నిద్రలోనే వింటాను, ఫ్రిజ్ తలుపు రబ్బరు వదిలిన చప్పుడు,
తర్వాత కర్‌మని ఒక్కటి.
ఒక్కటే. మర్యాదస్తుడు.

పన్నెండింటికి నా కూతురు కెర్తు.
నది ఒడ్డున ఐస్‌క్రీం బండి దగ్గర పని, రాత్రి పదకొండుకి గానీ రాదు.
అది వెళ్ళాక చూస్తే రెండు తక్కువ,
టేపు మీద తడి వేళ్ళు,
‘వద్దు’లో సిరా కరిగిపోయి ఉంటుంది.

ఒకే ఇంట్లో ముగ్గురం.
ఆదివారం కూడా ఎవరో ఒకరికి పనే.
కాయలెన్ని తగ్గాయో చూసి
ఎవరెలా ఉన్నారో తెలుసుకుంటాను.
కెర్తుకి ఆ డ్రమ్ములు కొట్టే కుర్రాడితో చెడిన వారం
వెల్లుల్లి రెబ్బ కూడా మిగల్లేదు.
ఓస్తప్ ఫోను తెల్లవారుజామున మోగిందట ఓ రోజు.
ఆ తర్వాత మూడు పొద్దులు ఏడింటి చప్పుడు లేదు.
అడగలేదు.
అన్నిటికన్నా చిన్నవి రెండు ఏరి పైన పెట్టాను,
చెయ్యి పెట్టగానే తగిలేట్టు.

నాలుగో రోజు సాయంత్రం మూత తీస్తే
గుర్రపుముల్లంగి ఆకు. నేను వేసింది కాదు.
అరచేతికన్నా పెద్దది, నాలుగు మడతలు,
కాయల మీద దుప్పటి కప్పినట్టు.
పని చేసే చోట ఏ కంచె పక్కన తెంపాడో.
టేపు మీద అతని అక్షరాలు, మా భాషలో, విరిచి విరిచి:
ఇలా ఐతే కరకరలాడుతుంది. అమ్మ ఇలానే వేసేది.
‘వేసేది’ కొట్టేసి ఉంది.
పైన చిన్నగా: వేస్తుంది.

వ్యాకరణం దిద్దుకున్నాడో,
ఇంకేదైనా దిద్దుకున్నాడో.
చాలాసేపు తలుపు తీసే ఉంచాను.
ఫ్రిజ్ కుయ్‌కుయ్‌మని మొత్తుకుంది.
నిలబడే ఒకటి తిన్నాను. నిజమే, కరకరలాడింది.
పనికి బస్సు తప్పిపోయింది.

ఆ ఆకు తీయలేదు.
కాయలైపోయాక ఆ నీళ్ళలోనే
ముల్లంగి చక్రాలు, క్యారెట్ పుల్లలు వేశాను, కాస్త వెనిగర్ చల్లి.
టేపూ మార్చలేదు.
ఇవాళ పొద్దున్న చూస్తే
అతని రాత కింద మూడో రాత, ఎర్ర పెన్నుతో:
మీరిద్దరూ కలిసి
నాకో రెండు మిగల్చండి.